తల్వార్ గుండారెడ్డి కారం తినడు

ఆ పొద్దున మా గోరీల దగ్గర ఉన్నవాళ్లు: రెవిన్యూ గిర్దావర్, ఆయనకు గొడుగు పట్టిన నౌకరు, సాక్ష్యానికి పిలిపించిన ఊరి పెద్దమనుషులు ఇద్దరు, ఆ గోరీలు కట్టిన ఖాజా మేస్త్రి, ఆ భూమిని ఒకప్పుడు కౌలుకు దున్నిన యాకోబు, గని కోసం వచ్చిన సేటు, తవ్వే కూలివాళ్లు, మా చిన్నాయన, మా నాయనమ్మ, నేను. ఉన్న వస్తువులు: గడ్డపారలు రెండు, పారలు మూడు, ఇనుప టేపు ఒకటి (నా సొంతం, సర్కారుది కాదు), నీళ్ల కుండ, గిర్దావర్ కూర్చోవడానికి బడి నుంచి తెచ్చిన కుర్చీ. లేనివాళ్లు: గోరీల్లో ఉండవలసినవాళ్లు. వాళ్లు అక్కడ లేరని రుజువు చేయడానికే మేమందరం పనిగట్టుకుని వచ్చాం.

మొన్న పెత్రమాసకు సెలవు పెట్టి ఊరికి పోయినప్పుడు మళ్లీ ఆ జాగాకు వెళ్లాను. అందుకే ఇదంతా రాయాలనిపించింది. నేను చదివింది ఓవర్సీరు కోర్సు. కాలువలు, కట్టలు, మోరీలు కొలవడం నా ఉద్యోగం. కొలిచినదాన్ని కొలిచినట్టు రాయడం తప్ప వేరే రాత నాకు రాదు. కాబట్టి మా వంశ చరిత్రను కూడా ఆ పద్ధతిలోనే రాస్తున్నాను. మా వంశ చరిత్రలో సగం మా తాత కట్టించిందే కనుక పద్ధతి సరిపోతుందనే అనుకుంటున్నాను.

మా ఊరు తాండూరు నుంచి కరణ్‌కోట పోయే బాటకు ఎడమ పక్కన ఉంది. నేల మీద నడుములోతు నల్లమట్టి, దాని కింద పొరలు పొరలుగా బండ. మట్టిలో కంది, జొన్న పండుతాయి. బండ ఏమీ పండకుండానే ధర పలుకుతుంది. మా దగ్గర గోడలు బండలవే, కప్పులు బండలవే, పశువుల కుడితి తొట్లు బండలవే. మనిషి పుట్టగానే బండ మీద స్నానం, చావగానే బండ మీద స్నానం. నడుమ బతుకంతా అరుగు బండ మీద కూర్చుని ఈసారి ఎండలు ఎక్కువున్నాయని చెప్పుకోవడం. మా బాపు వికారాబాదు స్టేషన్లో గూడ్సు గుమాస్తా. శనివారం బండికి వచ్చి సోమవారం బండికి పోయేవాడు. ఇంటి విషయాల మీద ఆయనకు అభిప్రాయం ఏర్పడేలోపు మళ్లీ బండి టైము అయ్యేది. అందుకని నన్ను పెంచింది తాత, నాయనమ్మ.

తాత ఊరి శిస్తు చూసే మాలీ పటేలు. నల్ల షేర్వానీ ఒకటి ఉండేది. తాండూరుకో వికారాబాదుకో కచేరీ పని మీద పోయేటప్పుడు మాత్రమే పెట్టె లోంచి తీసేవాడు. ఆయన బయలుదేరిన చాలాసేపటి వరకు ఇంట్లో డామరు గోలీల వాసన తిరుగుతుండేది. పోలీసు చర్య అయిన కొద్దిరోజులకే తాత తల మీది రూమీ టోపీ పోయి తెల్ల టోపీ వచ్చింది. టోపీ కింద ఉన్నది మాత్రం పాతదే. నాయనమ్మ వంటింట్లో కంది కట్టెల పొగలో ఉండేది. ఆమె చీర కొంగుకు, జుట్టుకు, నాకు చేసి పెట్టే జొన్నరొట్టెకు అన్నిటికీ అదే పొగ వాసన. తెల్లారకముందే రొట్టెల చప్పుడుతో నన్ను లేపేది. ఎక్కువ మాట్లాడేది కాదు. తాత మాట్లాడేది ఇద్దరికి సరిపోయేది కనుక ఆ లోటు ఎవరికీ తెలిసేది కాదు.

నాయనమ్మ పిల్లల్లో బతికింది ఇద్దరు: బాపు, చిన్నాయన. వాళ్లకు ముందు పుట్టిన బిడ్డ బాలమణి. ఆరేళ్ల వయసులో అమ్మవారు పోసి చనిపోయింది. ఆ పిల్లను మా గోరీల చెలకలోనే పెద్దలకు దూరంగా, ఒక రేగు పొద పక్కన పెట్టారు. చిన్నపిల్లలకు గోరి కట్టరు మా దగ్గర. కడితే అది ఇంట్లో ఇంకొకరిని పిలుస్తుందంటారు. పెత్రమాసకు విస్తరి కూడా వేయరు. పెత్రమాస పెద్దల పండుగ. ఆరేళ్ల పిల్ల పెద్దల్లోకి రాదు. నాయనమ్మ ఒక్కసారి తాతను అడిగిందట, బిడ్డ ఉన్నచోట ఒక చిన్న బండ నిలబెట్టమని. తాత ఒప్పుకోలేదు. నాయనమ్మ పగిలిన ఇసుర్రాయి ముక్కనొకదాన్ని మోసుకుపోయి అక్కడ గుర్తుగా పెట్టి వచ్చింది. తర్వాత ఆ పేరు ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఇవన్నీ నాకు చెప్పింది మా అమ్మ, అదీ నేను పెద్దయ్యాక, గొంతు తగ్గించి.

ఆ చెలక మూడెకరాలు. ఆగ్నేయం మూలలో వేపచెట్టు కింద మా ముత్తాతవి, ముత్తవ్వవి రెండు గోరీలు. మిగతా నేలంతా యాకోబు దున్నుకునేవాడు. యాకోబు తండ్రి కాలం నుంచీ అది వాళ్ల కౌలు. పంటలో పటేలుకు సగం, యాకోబుకు సగం, యాకోబు సగంలో చందా కింద చర్చికి కొంచెం, పిట్టలకు కొంచెం. అట్లా నడుస్తుండగా, కౌలుదార్ల కాయిదా వస్తోందని, దున్నేవాడి పేరు రాసుకుపోతారని, ఆ తర్వాత భూమి మీది హక్కు వాడిదేనని తాండూరు నుంచి వార్త వచ్చింది. తాత ఆ రాత్రి అన్నం తినలేదు. తెల్లారేసరికి ఉపాయంతో లేచాడు. దున్నే భూమి అయితే దున్నేవాడిది. గోరీల భూమి అయితే? దాన్ని ఎవడూ దున్నడు కదా. గోరీలు రెండే ఉన్నాయంటావా, అది ఒక కొరత మాత్రమే. కొరతను తీర్చవచ్చు. అరుగు మీద కూర్చుని ఆయన బాపుతో అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది:

"బతికినోని కబ్జా ఇయ్యాల కాకుంటె రేపు ఖాళీ చేపిస్తరు. సచ్చినోళ్ల కబ్జా ఎవడు ఖాళీ చేపిస్తడురా?"

ఆ రోజు సోమవారం. బాపు బండికి పోయాడు.

గోరీలు కట్టడానికి తాండూరు నుంచి ఖాజా మేస్త్రి వచ్చాడు. సన్నటి మనిషి, చెవి వెనక ఎప్పుడూ పెన్సిలు. ఎక్కడెక్కడ కట్టాలో తాత కర్రతో చూపించాడు. కింద ఎవరున్నారని మేస్త్రి అడిగాడు. ఎవరూ లేరని తాత చెప్పాడు. మేస్త్రి పెన్సిలు తీసి మళ్లీ చెవి వెనకే పెట్టుకున్నాడు.

"ఖాళీ గోరి నోరు తెరుసుకొని ఉంటది, పటేల్ సాబ్. ఎవర్నో ఒకర్ని పిలుస్తది. మా ఖాందాన్ల ఎవ్వరు కట్టలే, నేను గూడ కట్ట."

కూలి పెంచుతానన్నా వినలేదు. తాత చాలాసేపు ఆలోచించి ఒక మధ్యేమార్గం కనిపెట్టాడు. టెంకాయకు మూడు కళ్లుంటాయి, పిలక ఉంటుంది, లోపల నీళ్లుంటాయి. మనిషిలో ఉన్నవి ఇంచుమించు ఇవే. గోరికి ఒక టెంకాయ పూడ్చిపెడితే గోరి ఖాళీ కాదు, మేస్త్రి మాటా పోదు. మేస్త్రి దీన్ని రెండు రోజులు ఆలోచించి, సరేనన్నాడు. తొమ్మిది గోరీలకు తొమ్మిది టెంకాయలు కొనుక్కురమ్మని తాత యాకోబునే తాండూరుకు పంపాడు. తన భూమిని తీసుకోబోయే మృతులను తన నెత్తి మీదే గంపలో మోసుకొచ్చాడు యాకోబు. పని ముగిశాక లెక్క చూస్తే ఒకటి తేడా వచ్చింది. తాను గోరీల్లో పెట్టినవి ఎనిమిదేనని మేస్త్రి చెప్పాడు. తాత యాకోబును నిలదీశాడు. యాకోబు తొమ్మిదీ తెచ్చానన్నాడు. నమ్మినవాడు లేడు. ఆ రోజు నుంచి ఊళ్లో ఆయన పేరు టెంకాయల యాకోబు. గౌరవంగా పిలవాలనుకున్నవాళ్లు కూడా ముందు ఆ పేరుతోనే మొదలుపెట్టేవాళ్లు.

గోరీలు లేచిన తర్వాత యాకోబు చెలక గట్టు మీద నిలబడి ఒకటొకటిగా చూసి తాతతో అన్నాడు:

"మీ పెద్దలు మస్తుమందే ఉన్నరు పటేలా. గిన్నేండ్లు నాగలి కొట్టిన, ఒక్కలన్న తగలకపోయిరి."

"పెద్దలు తగుల్తరారా? తగిలితె నువ్వు బతుకుదువా?" అన్నాడు తాత.

ఆ ఏడు వానలకు యాకోబు నాగలి ఆ చెలకలోకి రాలేదు. పెద్దల మీద నాగలి పెట్టవద్దని తాత కబురు పంపాడు. కాయిదా వాళ్లు వచ్చి చూసి, గోరీలను లెక్కబెట్టుకుని, చెప్పులు విడిచి దండం పెట్టి వెళ్లిపోయారు.

అయితే గోరి ఉంటే పేరుండాలి, పేరుంటే కథ ఉండాలి. ఊరివాళ్లు అడుగుతారు, సర్కారువాళ్లు అడుగుతారు. తాత ఆ పని కూడా శ్రద్ధగా చేశాడు. ఇప్పుడు నేను టేపు పట్టి చూస్తే ఒక సంగతి అర్థమవుతుంది. మా పూర్వీకుల స్వభావాలను నిర్ణయించింది భూమి హద్దులే. ఉత్తరం గట్టుకు ఒక గోరి, దక్షిణం గట్టుకు ఒక గోరి కావాలి గనక వాళ్లు పగబట్టిన అన్నదమ్ములయ్యారు. చచ్చినా పక్కపక్కన ఉండబోమన్నారట. పడమటి హద్దు చివర ఒక్క గోరి కావాలి గనక ఆయన సన్యాసి. మనుషులంటే పడదు. బాట పక్కన నిడివి ఎక్కువ, ఒకటి చాలదు. అందుకని అక్కడ ఎంకట్రెడ్డి, ఎడమ పక్క పెద్ద భార్య, కుడి పక్క చిన్న భార్య. ఈశాన్యం మూలలో కాశమ్మ, నడిచి కాశీకి పోయి నడిచి వచ్చింది. బావి దారిలో ఉన్నది చిన్నగా కట్టారు, బండలు తక్కువపడ్డాయి. అప్పటి గిర్దావర్ అడిగితే అది గుర్రమని చెప్పాడు తాత. ఇవి ఎనిమిది.

తొమ్మిదోది తల్వార్ గుండారెడ్డి. గుర్రం ఆయనదే. ఏ దండు మీదో పోయి ఏడుగురిని నరికినవాడని తాత చెప్పేవాడు. శ్రోతలు బలంగా కనిపిస్తే ఆ సంఖ్య తగ్గేది. అన్నిటికంటే పెద్ద గోరి ఆయనది. దానికే దీపం గూడు ఉంది. తాత దాన్ని వాయవ్యం మూలలో పెడదామనుకున్నాడు, అక్కడ హద్దు గుల్లగా ఉందని. ఎన్నడూ ఏదీ అడగని నాయనమ్మ, అంత పెద్దమనిషిని మూలన పెడితే నలుగురూ నవ్వుతారు, చెలక నడుమ పెట్టమంది. తాతకు అందులో న్యాయం కనిపించింది. అందువల్ల వాయవ్యం మూల ఖాళీగానే మిగిలింది. ఆ తొమ్మిదింటిలో హద్దు పని చేయనిది గుండారెడ్డి గోరి ఒక్కటే. ఇంజనీరింగు దృష్టితో చూస్తే దండగ కట్టడం.

పెత్రమాస వచ్చిందంటే మా ఇంట్లో రెండు రోజుల వంట. నిజం పెద్దలు ఇద్దరికి విస్తర్లు వేసి, అబద్ధం పెద్దలకు వేయకపోతే ఊరు చూస్తుంది. అన్నం, కందిపప్పు, గుమ్మడికాయ కూర, గారెలు, పచ్చిపులుసు, పరమాన్నం. ఎంకట్రెడ్డికి ఇద్దరు భార్యలు గనక మనశ్శాంతి కోసం కల్లు. సన్యాసికి కూర లేకుండా. గుర్రానికి నానబెట్టిన ఉలవలు. ఎన్నడూ పుట్టని ఈ మనుషులకు నాయనమ్మ పొగలో కళ్లు తుడుచుకుంటూ వండేది. గంపలు మోసుకుని మేం గోరీల దాకా పోయేవాళ్లం. విస్తర్లు పెట్టి, మొక్కి, వెనక్కి చూడకుండా రావాలి. మేం వెనక్కి చూడని ఆ కాసేపట్లో యాకోబు పిల్లలు, కాకులు కలిసి మా వంశాన్ని తృప్తిపరిచేవాళ్లు. వీళ్లది ఏ మతమని గుండారెడ్డి ఎన్నడూ అడగలేదు. ఎందుకో తెలియదు, ప్రతి పెత్రమాస మర్నాడు నాయనమ్మ ఒక టెంకాయను యాకోబు ఇంటికి పంపేది. దొంగకు మళ్లీ టెంకాయనా అని తాత గొణిగేవాడు.

మిగతా అందరి అలవాట్లు తాత పెట్టినవి, గుండారెడ్డివి మాత్రం నాయనమ్మ పెట్టింది. ఎప్పుడు ఎట్లా మొదలైందో గాని, గుండారెడ్డి విస్తరిలో కారం ఉండేది కాదు. ఆయన కోసం వేరే గిన్నెలో చప్పటి పప్పు. పక్కన జొన్న పేలాలు, బెల్లం ముక్క. ఇదేం వంట అని తాత ఒకసారి కసురుకున్నాడు, తల్వార్ పట్టినోడు కారం తినడా అని. నాయనమ్మ గరిట ఆపకుండానే జవాబు చెప్పింది.

"దండుల నాలిక కోసుకపోయిందట. అప్పటిసంది కారం ముట్టడట."

తాత తృప్తిపడ్డాడు. మర్నాడు అరుగు మీద ఆ కోసుకుపోయిన నాలుకకు ఇంకొక యుద్ధం కూడా తగిలించాడు. అట్లా ఒక్కొక్కటే తెలిసివచ్చాయి: గుండారెడ్డికి చీకటంటే పడదు, అందుకే గూట్లో దీపం పెట్టాలి. గుండారెడ్డికి కుక్కలంటే భయం, ఆ చుట్టుపక్కల కుక్కను రానీయకూడదు. ఉరుములు ఉరిమితే నాయనమ్మ పని వదిలి గడపలో నిలబడి చెలక వైపు చూసేది, గుండారెడ్డి ఒక్కడే ఉన్నాడని. ఏడుగురిని నరికినవాడికి ఉరుమంటే భయమేమిటని నేను అడిగితే, ఎంత మొగోడైనా ఉరుముకు భయపడతాడని చెప్పేది. నేను అది నమ్మాను. మా ఊరి బడిలో ఇంకెవరి పూర్వీకుడికీ ఇన్ని వివరాలు లేవు. చిన్నాయనకు కొడుకు పుడితే వాడికి ఆ వీరుడి పేరే పెట్టారు. మా తమ్ముడు గుండారెడ్డి ఇప్పటికీ ఆ పేరుతోనే బడికి పోతున్నాడు.

భూమి దక్కింది. కాని గోరీల భూమిని దున్నితే మళ్లీ గోరీల భూమి కాకుండా పోతుంది. కనుక తాత కూడా దాన్ని దున్నలేకపోయాడు. యాకోబు నుంచి కాపాడిన మూడెకరాలు తాత నుంచి కూడా కాపాడబడి పడి ఉన్నాయి. తుమ్మ లేచింది, రేగు లేచింది, తంగేడు విరగబడి పూసింది. బతుకమ్మకు పూలు కోసుకునే ఆడపిల్లలు, పాములు తప్ప అక్కడికి ఎవరూ పోలేదు. సన్యాసి పూర్తిగా ముళ్లలో మునిగిపోయాడు, ఆయనకు అదే ఇష్టమని అనుకున్నాం. తాత పోయినప్పుడు వేపచెట్టు మూలకు శవాన్ని తీసుకుపోవడానికి ముందు గొడ్డళ్లతో దారి కొట్టవలసి వచ్చింది. తన సొంత గోరికి తానే అడ్డం పడ్డాడు. ఆ తర్వాత విస్తర్లు కూడా తగ్గాయి. ఎంకట్రెడ్డి కల్లు మానిపించారు. చివరికి నాయనమ్మ ఒక్కతే మూలన ఉన్న ముగ్గురికీ పెట్టి, ముళ్లు తప్పించుకుంటూ నడిమికి పోయి, గుండారెడ్డికి చప్పటి విస్తరి వేసి, దీపం పెట్టి వచ్చేది. ఎవరూ అడగలేదు. ముసలివాళ్ల చాదస్తానికి మా ఇంట్లో కారణం అక్కరలేదు.

అటువంటి సమయంలో చిన్నాయనకు తాండూరు బండల సేటు ఒకాయన పరిచయమయ్యాడు. ఆయన మా చెలకలో నాలుగుచోట్ల తవ్వించి చూశాడు. నల్లమట్టి కింద పలక పలకగా మంచి బండ. గనికి ఇస్తే ఏటా డబ్బు. ఒకటే అడ్డం. కాయితాల్లో అది గోరిస్తాన్, గోరీల నేలలో గని తవ్వనీయరు. మా తాత ఎంత గట్టిగా కట్టాడంటే, కొడుకు కూల్చలేకపోయాడు. చిన్నాయన కచేరీల చుట్టూ తిరిగి, వేపచెట్టు మూలను విడిచిపెట్టి, మిగతా గోరీల్లో మనుషులు లేరని, ఎన్నడూ లేరని, మా తండ్రి ఏదో సరదాకు కట్టించాడని అర్జీ పెట్టాడు. విచారించి రిపోర్టు పంపమని గిర్దావర్‌కు హుకుం వచ్చింది. నేను ఓవర్సీరును గనక తవ్వకం నా పర్యవేక్షణలో జరగాలని చిన్నాయన పట్టుబట్టాడు. ఇంట్లో ఇంజనీరు ఉండగా బయటివాడికి భోజనం ఎందుకని.

సంగతి తెలిసిన రోజు నాయనమ్మ చిన్నాయనను పిలిచి ఒకటే చెప్పింది. ఆ చెలకలో తన బిడ్డ ఉంది, బిడ్డ మీద గడ్డపార పడనీయనంది. చిన్నాయన మెత్తగానే మాట్లాడాడు. రేగు పొదలు ఇప్పుడు వంద ఉన్నాయి, ఇసుర్రాయి ముక్క ఎప్పుడో మాయమైంది, ఏది ఏదో ఎవరికి తెలుసు అన్నాడు. "ఏడున్నదో చెప్పమ్మా. ఆ నాలుగు అడుగులు ఇడిచిపెడతం."

"ఇడిచిపెట్టేటోళ్లయితె తొవ్వెటందుకు పోరు," అంది నాయనమ్మ. చోటు చెప్పలేదు. చెబితే సేటు లెక్కలో ఆ నాలుగడుగులు రెండవుతాయని, రెండు ఒకటవుతుందని ఆమెకు తెలుసు. మా తాతతో నలభై ఏళ్లకు పైగా కాపురం చేసిన మనిషి.

ఆ పొద్దున ముళ్లు కొట్టించి, హద్దుల వెంట ఒకటొకటే తెరవడం మొదలుపెట్టాం. ముందు ఉత్తరం గట్టు అన్న. బండ లేపి మూడడుగులు తవ్వితే ఎండి నల్లబడ్డ టెంకాయ చిప్ప. గిర్దావర్ కుర్చీ లోంచి వంగి చూసి ఇదేమిటని అడిగాడు. సాక్ష్యానికి పిలిపించినందుకు తగ్గట్టుగా ఖాజా మేస్త్రి ముందుకు వచ్చి, అది అన్న అని చెప్పాడు. తర్వాత దక్షిణం గట్టు తమ్ముడు, టెంకాయ. సన్యాసి, టెంకాయ. ఎంకట్రెడ్డి, ఇద్దరు భార్యలు, మూడు టెంకాయలు, చిన్న భార్యది కొంచెం పెద్దది. కాశమ్మ, టెంకాయ. గుర్రం దగ్గర గిర్దావర్ ఇక చాలనుకున్నాడు గాని, పెద్దమనుషుల్లో ఒకాయన గుర్రమైనా న్యాయం న్యాయమే అన్నాడు. తవ్వితే టెంకాయ. అన్నిటినీ వరుసగా ఒక బండ మీద పెట్టించాను. మా వంశం అంతా కలిసి ఒకచోట కూర్చోవడం అదే మొదటిసారి.

గుండారెడ్డి దగ్గరికి వచ్చేసరికి గోరి మీద నాయనమ్మ కూర్చుని ఉంది. ఎప్పుడు వచ్చి కూర్చుందో ఎవరూ చూడలేదు. చిన్నాయన లేవమన్నాడు. లేవలేదు. గిర్దావర్ లేచి నిలబడి, రిపోర్టు పూరా కావాలి, అన్నీ ఖాళీ అని రాయాలంటే అన్నీ చూడాలి, ఒక్కటి మిగిలినా సేటుకు పట్టా రాదు అని మర్యాదగా చెప్పాడు. చిన్నాయన ఆమె భుజం పట్టుకున్నాడు. కూలివాడు గడ్డపార ఎత్తి, ఎవరి మాట వినాలో తెలియక, గాలిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

నాయనమ్మ ఎవరి వైపూ చూడకుండా ఖాజా మేస్త్రిని అడిగింది.

"మేస్త్రీ, దీంట్ల టెంకాయ పెట్టినవా?"

ముసలి మేస్త్రి చెవి వెనక పెన్సిలు సర్దుకున్నాడు.

"లేదమ్మా. జరూరత్ లేకుండె."

కొంతసేపు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది కూడా నా తెలివి వల్ల కాదు, రాయి వల్ల. దీపం గూట్లోకి వంగి చూశాను. ఆ చెలక మొత్తంలో గోరీలన్నీ మా నేల బండతో కట్టినవే, సున్నపురంగువి. గూటి అడుగున పరిచినది ఒక్కటే నల్లరాయి. దాని మీద గాట్లు గాట్లుగా వంకర గీతలు. ఇసుర్రాయి ముక్క. దాని మీద ఇన్నేళ్ల నూనె జిడ్డు. చప్పటి పప్పు, పేలాలు, బెల్లం, దీపం, కుక్కలు, ఉరుములు అన్నీ ఒక్కసారిగా వాటి చోట్లలో వచ్చి కూర్చున్నాయి. ఆరేళ్ల పిల్ల కారం ఎట్లా తింటుంది?

చిన్నాయన చేయి నాయనమ్మ భుజం మీది నుంచి దానంతట అదే జారిపోయింది. మొట్టమొదట మాట్లాడినవాడు యాకోబు. అందరికీ వినబడేటట్టు, నాయనమ్మతో కాకుండా బండ మీది టెంకాయలతో మాట్లాడుతున్నట్టుగా అడిగాడు:

"అయితె నా మీది టెంకాయ కేసు కొట్టేసినట్టేనా, అమ్మా?"

"కొట్టేసినట్టే యాకోబూ," అంది నాయనమ్మ. "గా టెంకాయ నేనే తీసి తొక్కు నూరిన. నీకు ఏడాదికొక్కటి లెక్కన తీరుస్తనే ఉన్న గద."

గిర్దావర్ చిక్కు వేరే ఉంది. పాత కాయితంలో అది తల్వార్ గుండారెడ్డి, వీరుడు. ఇప్పుడు ఏమని రాయాలి? లోపల ఉన్నవారి పేరు అడిగాడు. ఇంటి మగవాళ్లం ఇద్దరం ఉన్నాం. నాయనమ్మే లేచి నిలబడి, కొంగు సర్దుకుని, కచేరీలో చెప్పినట్టు స్పష్టంగా చెప్పింది.

"బాలమణి. మాలీ పటేల్ పెద్దబిడ్డ. రాసుకో."

ఆయన రాసుకున్నాడు. ఈ ఒక్క గోరి చుట్టూ నేల విడిచిపెడితే మిగతాదానికి పట్టా వస్తుందన్నాడు. తర్వాత బేరం నడిచింది. సేటు ఆరడుగులు విడిచిపెడతానన్నాడు, చిన్నాయన ఎనిమిది అన్నాడు. ఇనుప టేపు నా చేతిలో ఉంది. నేను గోరి చుట్టూ పన్నెండుకు పన్నెండు కొలిచి మేకులు కొట్టించాను. ఇంజనీరింగు ప్రకారం అంతకంటే తక్కువైతే మట్టి నిలవదని చెప్పాను. అది నిజం కూడా. ఇంటికి వచ్చేటప్పుడు చిన్నాయన, తన కొడుకుకు ఆడపిల్ల పేరు పెట్టినట్టయిందని బాధపడ్డాడు. మంచిదే, బాలమణి తెలివిగల్లది, వానికి గూడ జర అంటుకుంటదేమో అంది నాయనమ్మ. ఇప్పటిదాకా అయితే అంటుకోలేదు.

ఇప్పుడు ఆ చెలక చెలకలా లేదు. తుమ్మలు లేవు, తంగేళ్లు లేవు. పొద్దంతా సుత్తెల చప్పుడు, బండ పొడి. లారీలు తాండూరు స్టేషనుకు పోతుంటాయి. మా పూర్వీకుల గోరీల బండలు కూడా వాటితోపాటే పోయాయి. ఏ ఊళ్లో ఎవరి ఇంటి ముందు మెట్లయ్యారో ఆ సన్యాసి, ఆ కాశమ్మ. యాకోబు కొడుకు అదే నేలలో కూలికి బండ కోస్తున్నాడు. గోరీలు ఉన్నాయన్నప్పుడు మట్టి మాది, లేవన్నప్పుడు బండ మాది. కాయిదా రెండుసార్లు వచ్చి రెండుసార్లూ మా గుమ్మంలోనే కూర్చుంది. యాకోబుకు ఏటా ఒక టెంకాయ వస్తూనే ఉంది. తాత ఉంటే తన ఉపాయం పారిందనే అనేవాడు. ఆయన లెక్కలో ఎప్పుడూ తప్పు లేదు, లెక్కించవలసిన వాళ్లలోనే కొందరు తగ్గేవాళ్లు.

చుట్టూ తవ్వుకుంటూ పోయేసరికి, నేను మేకులు కొట్టించిన చోటు గని నడుమ స్తంభంలా నిలబడి ఉంది. పైన గోరి. తల ఎత్తి చూడాలి. తాత కథల్లో ఏ పూర్వీకుడికీ ఇంత ఎత్తు రాలేదు. కూలి పనివాళ్లు దాన్ని పిల్లగోరి అంటారు. అటు పక్క సురంగు పేల్చే ముందు ఒకరు వచ్చి మా నాయనమ్మకు చెప్పిపోతారు, పెద్ద చప్పుడవుతుందని. ఆమె గడపలో నిలబడుతుంది. నేను ఒక పక్కన పగిలిన పలకలతో మెట్లు కట్టించాను. వాలు ఎక్కువైంది గాని బలంగానే ఉన్నాయి. నాయనమ్మకు మోకాళ్లు పోయాయి. మొన్న పెత్రమాసకు ఆమె కింద బండ మీద కూర్చుంది. విస్తరి పట్టుకుని నేను ఎక్కాను. పేలాలు గాలికి లేచిపోకుండా వాటి మీద బెల్లం ముక్క పెట్టమని కింది నుంచి చెప్పింది. పెట్టాను. నూనె పోసి దీపం వెలిగించాను. వెనక్కి చూడకుండా రావాలి గాని, ఆ మెట్లు దిగాలంటే వెనక్కి చూడక తప్పదు.

ఆ రోజు నాయనమ్మ వేసిన విస్తర్లు నాలుగు. కారం లేనిది ఒకటి.